తెలంగాణలో పోలీసు, అగ్నిమాపక సిబ్బంది వేతన వర్గీకరణ

తెలంగాణ రాష్ట్రంలో పోలీసు, అగ్నిమాపక శాఖల ఉద్యోగులను వారి హోదా, విద్యార్హత, నియామక విధానం, బాధ్యతల ననుసరించి వేర్వేరు వేతన స్కేళ్లలో చేర్చే పద్ధతిని వేతన వర్గీకరణ అంటారు. నగర పోలీసు, నగర అగ్నిమాపక దళం అనే మాటలు వాడుకలో ఉన్నప్పటికీ, ఈ రాష్ట్రంలో ఈ రెండు శాఖల సిబ్బంది నగరపాలక సంస్థల ఉద్యోగులు కారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. కరీంనగర్ నగరంలో పనిచేసే కానిస్టేబులుకు, ఆదిలాబాదు జిల్లాలోని మారుమూల ఠాణాలో పనిచేసే కానిస్టేబులుకు మూలవేతన స్కేలు ఒక్కటే. పనిచేసే ఊరు మూలవేతనాన్ని మార్చదు, ఇంటి అద్దె భత్యం వంటి వాటిని మారుస్తుంది. 2020 వేతన స్కేళ్ల ప్రకారం కానిస్టేబులు, ఫైర్‌మన్ ఉద్యోగాలు రెండూ 24,280 – 72,850 రూపాయల స్కేలులో ఉన్నాయి. ఒకే రకమైన పని చేస్తున్నా ఈ వర్గీకరణలో చోటు లేనివారు కూడా ఉన్నారు. హోంగార్డులు అందుకు ముఖ్య ఉదాహరణ.

ఎవరు ఎవరి ఉద్యోగులు

భారత రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో పోలీసు అనేది రాష్ట్ర జాబితాలోని రెండవ అంశం. కాబట్టి పోలీసుల నియామకం, జీతం, క్రమశిక్షణ రాష్ట్ర ప్రభుత్వ అధీనంలో ఉంటాయి. అగ్నిమాపక సేవల స్థితి కొంత భిన్నమైనది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పన్నెండవ షెడ్యూలులో, పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలలో ఏడవదిగా అగ్నిమాపక సేవలను చేర్చారు. ముంబయి వంటి నగరాలలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థకు చెందినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అది హోం శాఖ కింద రాష్ట్ర స్థాయి విభాగంగానే కొనసాగింది. 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఈ విభాగానికి విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ అని పేరు పెట్టారు.

దీని ఫలితంగా కరీంనగర్ నగరపాలక సంస్థకు గాని, ఆదిలాబాదు పురపాలకానికి గాని తమ ఊరి ఫైర్‌మన్ జీతాన్ని నిర్ణయించే అధికారం లేదు. ఆ జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది.

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, పూర్వపు ఆదిలాబాదు జిల్లా నుంచి నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి. అదే సందర్భంలో కరీంనగర్, రామగుండం పోలీసు కమిషనరేట్లు ఏర్పడ్డాయి. రామగుండం కమిషనరేటు పరిధిలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలున్నాయి. ఆదిలాబాదు జిల్లా మాత్రం పోలీసు సూపరింటెండెంటు కిందనే ఉన్నది.

కమిషనరేటు ఏర్పడితే అధికారాలు, హోదాల పేర్లు మారుతాయి. జిల్లాలో డీఎస్పీ అని పిలిచే అధికారిని కమిషనరేటులో ఏసీపీ అంటారు. అయితే పేరు మారినంత మాత్రాన స్కేలు మారదు. కరీంనగర్‌లో జిల్లా పోలీసుగా ఉండి కమిషనరేటు పోలీసుగా మారిన కానిస్టేబులు అదే స్కేలులో కొనసాగాడు.

చారిత్రక నేపథ్యం

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలు 1948 వరకు నిజాం పాలనలో ఉన్నాయి. ఆ కాలంలో హైదరాబాదు నగర పోలీసు, జిల్లాల పోలీసు వేర్వేరు వ్యవస్థలు. నగర పోలీసుకు కొత్వాలు అధిపతి. 1920లో ఆ పదవిని చేపట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి తెలుగువారికి సుపరిచితుడు. హైదరాబాదు రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం కూడా ఉండేది. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు భారత రూపాయలకు సమానం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ఉద్యోగులను ఒకే వ్యవస్థలోకి తేవలసి వచ్చింది. అటు పిమ్మట ప్రభుత్వం కొన్నేళ్లకొకసారి వేతన సవరణ సంఘాన్ని నియమించి, దాని నివేదికపై ఉత్తర్వులు జారీచేయడం ఆనవాయితీ అయింది. ఈ సంఘాన్నే వాడుకలో పీఆర్‌సీ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1969, 1974, 1978, 1986, 1993, 1999, 2005, 2010 సంవత్సరాల పేర్లతో సవరించిన స్కేళ్లు వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత, ఉమ్మడి రాష్ట్రపు పదవ సంఘం నివేదిక ఆధారంగా 43 శాతం ఫిట్‌మెంటుతో 2015 స్కేళ్లను అమలుచేశారు. తెలంగాణ సొంతంగా నియమించిన తొలి సంఘానికి సి.ఆర్.బిస్వాల్ అధ్యక్షుడు. ఆ సంఘం 7.5 శాతం ఫిట్‌మెంటును సిఫారసు చేయగా, ప్రభుత్వం 30 శాతాన్ని ప్రకటించి 2021 జూన్ 11న ఉత్తర్వులు జారీచేసింది. ఇవే 2020 వేతన స్కేళ్లు. 2023 అక్టోబరులో ఎన్.శివశంకర్ అధ్యక్షతన రెండవ సంఘం నియామకమై, 5 శాతం మధ్యంతర భృతి మంజూరైంది.

వేతన స్కేలును చదివే పద్ధతి

స్కేలులో మొదటి అంకె ఆ ఉద్యోగంలో కొత్తగా చేరినవారి మూలవేతనం. చివరి అంకె అదే స్కేలులో కొనసాగుతూ చేరుకోగల గరిష్ఠ మూలవేతనం. మధ్యలో సంవత్సరానికొక ఇంక్రిమెంటు చొప్పున మెట్లుంటాయి. రాష్ట్రంలోని అన్ని స్కేళ్లు ఒకే పొడవైన నిచ్చెనలోని భాగాలు. ఈ నిచ్చెనను మాస్టర్ స్కేలు అంటారు. 2020 స్కేళ్లలో దాని కనిష్ఠం 19,000, గరిష్ఠం 1,62,070 రూపాయలు. ఈ నిచ్చెన నుంచి 32 గ్రేడ్లను విడదీసి, ప్రభుత్వంలోని వందలాది రకాల ఉద్యోగాలను వాటిలో సర్దుతారు.

అందువల్ల పనిలో పోలికే లేని ఉద్యోగాలు ఒకే గ్రేడులో కనిపిస్తాయి. కానిస్టేబులు, ఫైర్‌మన్, జైలు వార్డరు, ప్రభుత్వ కార్యాలయంలోని జూనియర్ అసిస్టెంటు 24,280 – 72,850 స్కేలులో ఉన్నారు. సబ్ ఇన్‌స్పెక్టరు, ఉన్నత పాఠశాలలోని స్కూల్ అసిస్టెంటు 42,300 – 1,15,270 స్కేలులో ఉన్నారు. డీఎస్పీ, డిప్యూటీ కలెక్టరు 58,850 – 1,37,050 స్కేలులో ఉన్నారు. ప్రాథమిక పాఠశాలలోని సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని స్కేలు 31,040 – 92,050. అంటే కానిస్టేబులు స్కేలు కంటే ఎక్కువ, సబ్ ఇన్‌స్పెక్టరు స్కేలు కంటే తక్కువ. ఈ సామ్యం అర్హత, ప్రవేశస్థాయి దృష్ట్యా చేసినదే గాని, పనిలోని ప్రమాదాన్ని తూచి చేసినది కాదు. వేతన వర్గీకరణపై వచ్చే వివాదాలలో చాలా వాటికి ఇదే మూలం.

వర్గీకరణకు ప్రాతిపదికలు

ఒక ఉద్యోగాన్ని ఏ గ్రేడులో చేర్చాలో నిర్ణయించేటపుడు సాధారణంగా ఈ అంశాలను చూస్తారు.

విద్యార్హత: కానిస్టేబులు, ఫైర్‌మన్ ఉద్యోగాలకు ఇంటర్మీడియెట్ స్థాయి అర్హత. సబ్ ఇన్‌స్పెక్టరు, స్టేషన్ ఫైర్ ఆఫీసరు ఉద్యోగాలకు డిగ్రీ అర్హత.

నియామక విధానం: ఈ రెండు శాఖల ప్రారంభస్థాయి ఉద్యోగాలను రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. 2022లో ఆ మండలి జారీచేసిన కానిస్టేబులు స్థాయి ప్రకటనలో సివిల్, సాయుధ రిజర్వు, ప్రత్యేక పోలీసు దళం ఖాళీలతో పాటు 610 ఫైర్‌మన్ ఖాళీలు కూడా ఉన్నాయి. డీఎస్పీ వంటి ఉద్యోగాలను రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను గ్రూప్-1 పరీక్ష ద్వారా నింపుతుంది.

సోపానంలో స్థానం: పై హోదాకు, కింది హోదాకు మధ్య కనీసం ఒక గ్రేడు తేడా ఉండాలని చూస్తారు. కాబట్టి కింది ఉద్యోగాన్ని ఒక గ్రేడు పెంచితే పై ఉద్యోగాలనూ కదపవలసి వస్తుంది.

సామ్యం: గతంలో సమానంగా ఉన్న ఉద్యోగాలను తరువాతి సవరణలోను సమానంగా ఉంచడం సంప్రదాయం. ఒక శాఖకు పెంచితే దానితో సమానమైన ఇతర శాఖలు కూడా కోరతాయి.

పని స్వభావం: ప్రమాదం, వేళాపాళా లేని విధులు, సెలవుల కొరత మొదలైనవాటిని పరిగణనలోకి తీసుకున్నా, వీటి ఫలితం ఎక్కువగా స్కేలులో కాక భత్యాల రూపంలో కనిపిస్తుంది. ఉదాహరణకు నక్సలైటు వ్యతిరేక చర్యల కోసం 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళంలో పనిచేసే కానిస్టేబులుకు స్కేలు ఇతర కానిస్టేబుళ్లదే. ఆ దళంలో ఉన్నంతకాలం ప్రత్యేక భత్యం అదనం. దళం విడిచి సాధారణ ఠాణాకు వస్తే భత్యం ఆగిపోతుంది, స్కేలు నిలుస్తుంది.

హోదాల వరుస

పోలీసు శాఖలో కింది నుంచి పైకి కానిస్టేబులు, హెడ్ కానిస్టేబులు, సహాయ సబ్ ఇన్‌స్పెక్టరు, సబ్ ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ, అదనపు ఎస్పీ అనే హోదాలు రాష్ట్ర స్కేళ్లలో ఉంటాయి. అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసరు, సహాయ జిల్లా అధికారి, జిల్లా అధికారి, ప్రాంతీయ అధికారి అనే వరుస ఉన్నది. వాహనాన్ని, నీటి పంపును నడిపే డ్రైవర్ ఆపరేటరు మరొక ప్రత్యేక వర్గం.

ఇక్కడ గమనించవలసిన భేదమొకటున్నది. ఐపీఎస్ అధికారులు అఖిల భారత సర్వీసుకు చెందినవారు. వారికి కేంద్ర వేతన సంఘం నిర్ణయించిన స్థాయిలు వర్తిస్తాయి. ఏడవ కేంద్ర వేతన సంఘం ప్రకారం ఐపీఎస్ అధికారి ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. కనుక కరీంనగర్ కమిషనరు కార్యాలయంలో కమిషనరు జీతానికి కేంద్ర సంఘం, ద్వారం వద్ద నిలబడిన కానిస్టేబులు జీతానికి రాష్ట్ర సంఘం ఆధారం. ఒకే భవనంలో రెండు కొలమానాలు పనిచేస్తుంటాయి.

కింది హోదాలలో పదోన్నతి ఆలస్యం కావడం ఈ రెండు శాఖలలోను ఉన్న సమస్య. కానిస్టేబుళ్ల సంఖ్య ఎక్కువ, పై హోదాల సంఖ్య తక్కువ. అగ్నిమాపక శాఖ చిన్నది కావడంతో అక్కడ పై ఖాళీలు ఇంకా స్వల్పం. ఈ లోటును కొంతవరకు పూరించడానికి ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం ఉన్నది. దీని ప్రకారం ఒకే హోదాలో 6, 12, 18, 24 సంవత్సరాలు పూర్తిచేసినవారికి నిర్ణీత నిబంధనలకు లోబడి ఆర్థికమైన మెట్లు లభిస్తాయి. భుజంపై పట్టీలు మారవు, విధులు మారవు, వేతనం మాత్రం ముందుకు జరుగుతుంది.

వేతన సవరణ లెక్క

కానిస్టేబులు స్కేలు గత మూడు సవరణలలో ఈ విధంగా మారింది.

2010 స్కేళ్లు: 8,440 – 24,950
2015 స్కేళ్లు: 16,400 – 49,870
2020 స్కేళ్లు: 24,280 – 72,850

అంకెలను చూసి జీతం ప్రతిసారి దాదాపు రెట్టింపైందని అనుకోరాదు. కొత్త స్కేలులో చాలా భాగం అంతకుముందు కరవు భత్యంగా అందుతున్న సొమ్మే. సవరణలో మూడు అంశాలను కలుపుతారు: పాత మూలవేతనం, నిర్ణీత తేదీ నాటి కరవు భత్యం, ఫిట్‌మెంటు. కొత్తగా కలిసేది ఫిట్‌మెంటు మాత్రమే.

ఉదాహరణకు 2018 జూలై 1 నాటికి 16,400 రూపాయల మూలవేతనం పొందుతున్న ఒక ఫైర్‌మన్ లెక్క చూద్దాం. ఆనాటి కరవు భత్యం 30.392 శాతం, అంటే సుమారు 4,984 రూపాయలు. ఫిట్‌మెంటు 30 శాతం, అంటే 4,920 రూపాయలు. మూడింటి మొత్తం సుమారు 26,304 రూపాయలు. ఈ మొత్తానికి పైన మాస్టర్ స్కేలులో ఏ మెట్టు ఉంటే అక్కడ అతని కొత్త మూలవేతనాన్ని స్థిరపరుస్తారు. ఇందులో నిజమైన పెరుగుదల 4,920 రూపాయలకు కొంచెం అటూఇటూ మాత్రమే. పైగా ఈ సవరణ 2018 జూలై 1 నుంచి కాగితంపై వర్తించినా, ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచి లెక్కకు వచ్చింది. మధ్యలోని 21 నెలల తేడా సొమ్ము ఉద్యోగికి రాదు.

సవరణ తరువాత కరవు భత్యం మళ్ళీ సున్న నుంచి మొదలవుతుంది. 2020 స్కేళ్లలో కేంద్రం ఒక శాతం పెంచితే రాష్ట్రం 0.91 శాతం పెంచే నిష్పత్తి ఉన్నది. కేంద్రం 4 శాతం ప్రకటించినపుడు రాష్ట్ర ఉద్యోగికి 3.64 శాతం రావడానికి కారణమిదే.

ఊరు మారితే మారేది

మూలవేతనంపై పనిచేసే ఊరి ప్రభావం లేకపోయినా, ఇంటి అద్దె భత్యంపై ఉన్నది. 2020 స్కేళ్లతో పాటు వచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఆ రేట్లు ఇవి.

హైదరాబాదు మహానగర పాలక సంస్థ పరిధి: 24 శాతం
రెండు లక్షలకు మించిన జనాభా గల నగరాలు: 17 శాతం
యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జనాభా గల పట్టణాలు: 13 శాతం
ఇతర ప్రాంతాలు: 11 శాతం

2011 జనగణనలో కరీంనగర్ జనాభా 2.60 లక్షలు దాటింది. ఆదిలాబాదు పట్టణ జనాభా సుమారు 1.17 లక్షలు. ఈ లెక్కన కొత్తగా చేరిన కానిస్టేబులు లేదా ఫైర్‌మన్ ఇంటి అద్దె భత్యం కరీంనగర్‌లో సుమారు 4,128 రూపాయలు, ఆదిలాబాదులో సుమారు 3,156 రూపాయలు, చిన్న మండల కేంద్రంలో సుమారు 2,671 రూపాయలు, హైదరాబాదులో సుమారు 5,827 రూపాయలు. అంటే కరీంనగర్, ఆదిలాబాదుల నడుమ తేడా నెలకు 971 రూపాయలు. 

ఈ పద్ధతి అద్దెలను లెక్కిస్తుంది గాని శ్రమను లెక్కించదు. పత్తి మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు పేరుగాంచిన ఆదిలాబాదు ప్రాంతంలో వేసవిలో దూది నిల్వలకు నిప్పంటుకుంటే, పైకి ఆరినట్లు కనిపించినా లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. అడవుల మధ్య దూరదూరంగా ఉన్న గ్రామాలకు ఒకే కేంద్రం నుంచి వాహనం వెళ్ళాలి. వానాకాలంలో గోదావరి, ప్రాణహిత, కడెం వాగుల వరదలలో చిక్కినవారిని రక్షించడం కూడా అదే సిబ్బంది పని. జనాభా తక్కువైన కొద్దీ ఇంటి అద్దె భత్యం తగ్గుతుంది, వెళ్ళవలసిన దూరం మాత్రం పెరుగుతుంది. షెడ్యూలు ప్రాంతాలలో పనిచేసేవారికి ప్రత్యేక పరిహార భత్యమనే ఏర్పాటు ఉన్నది గాని, అది అన్ని శాఖల ఉద్యోగులకు ఉద్దేశించినది.

రామగుండం ఉదాహరణ

ఒకే ఊరిలో వేర్వేరు వేతన వ్యవస్థలు పక్కపక్కనే ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి రామగుండం మంచి ఉదాహరణ. అక్కడి కమిషనరేటు కానిస్టేబులు, రాష్ట్ర అగ్నిమాపక కేంద్రపు ఫైర్‌మన్ రాష్ట్ర స్కేళ్లలో ఉంటారు. ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కేంద్ర వేతన సంఘం పరిధిలోనిది. ఆ దళంలో కానిస్టేబులు, అగ్నిమాపక కానిస్టేబులు కేంద్ర మూడవ స్థాయిలో, 21,700 – 69,100 స్కేలులో ఉంటారు. సమీపంలోని సింగరేణి బొగ్గుగనుల కార్మికుల వేతనాలు యాజమాన్యాలు, కార్మిక సంఘాలు చర్చించి కుదుర్చుకునే జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం నిర్ణయమవుతాయి. పదకొండవ ఒప్పందం 2021 జూలై 1 నుంచి వర్తించింది.

రాష్ట్ర కానిస్టేబులు 24,280, కేంద్ర దళపు కానిస్టేబులు 21,700 అని పక్కపక్కన పెట్టి మొదటిదే ఎక్కువని నిర్ణయించడం సరికాదు. కేంద్ర స్కేళ్లు 2016 జనవరి 1 నాటి ధరలపై, రాష్ట్ర స్కేళ్లు 2018 జూలై 1 నాటి ధరలపై ఆధారపడినవి. కరవు భత్యం శాతాలు కూడా వేర్వేరు. రెండు ఉద్యోగాల జీతాలను పోల్చదలచినవారు మూలవేతనం, కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం మూడింటినీ ఒకే తేదీకి కూడి పోల్చాలి.

రణధీర్ సింగ్ కేసు

పోలీసు, అగ్నిమాపక సిబ్బంది వేతనాల పోలిక దేశ న్యాయచరిత్రలో ఒక ముఖ్యమైన తీర్పుకు దారితీసింది. ఢిల్లీ పోలీసులో డ్రైవర్ కానిస్టేబులుగా పనిచేసిన రణధీర్ సింగ్, అదే ప్రభుత్వంలోని ఇతర శాఖల డ్రైవర్లకు తనకంటే ఎక్కువ జీతం ఉన్నదని సుప్రీం కోర్టును ఆశ్రయించాడు. అప్పట్లో ఢిల్లీ పోలీసు డ్రైవరు స్కేలు మెట్రిక్ చదవనివారికి 210 – 270, చదివినవారికి 225 – 308 రూపాయలు. రైల్వే రక్షక దళపు డ్రైవరుకు 260 – 400, అగ్నిమాపక దళంలో భారీ వాహనాల డ్రైవరుకు 330 – 480 రూపాయలు.

శాఖలు వేరు కనుక జీతాలు వేరుగా ఉండవచ్చునని ప్రభుత్వం వాదించింది. 1982 ఫిబ్రవరి 22న వెలువడిన తీర్పు ఈ వాదనను అంగీకరించలేదు. తీర్పు రాసిన న్యాయమూర్తి ఓ.చిన్నపరెడ్డి తెలుగువారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. సమాన పనికి సమాన వేతనం అన్నది ప్రాథమిక హక్కుల జాబితాలో నేరుగా లేకపోయినా, 14, 16 అధికరణాలను 39వ అధికరణంతో కలిపి చదివితే అది రాజ్యాంగ లక్ష్యమని తీర్పు స్పష్టం చేసింది. పోలీసు డ్రైవర్లకు కనీసం రైల్వే రక్షక దళపు డ్రైవర్ల స్కేలును 1973 జనవరి 1 నుంచి వర్తింపజేయాలని ఆదేశించింది.

తరువాతి తీర్పులలో న్యాయస్థానాలు ఈ సూత్రానికి హద్దులు కూడా ఏర్పరచాయి. హోదా పేరు ఒకటైనంత మాత్రాన సమానత్వం రాదు; అర్హత, బాధ్యత, నియామక విధానాలను కలిపి చూడాలి; ఆ మదింపు ప్రధానంగా వేతన సంఘాల వంటి నిపుణుల పని అని పేర్కొన్నాయి.

వర్గీకరణకు వెలుపల ఉన్నవారు

కూడళ్లలో ట్రాఫిక్ నియంత్రణ, జాతరల బందోబస్తు, ఠాణాలో రాత్రి కాపలా వంటి విధులలో కానిస్టేబులుతో పాటు హోంగార్డు కనిపిస్తాడు. చట్టం దృష్టిలో అది స్వచ్ఛంద సేవ. అందుచేత హోంగార్డుకు వేతన స్కేలు లేదు. పనిచేసిన రోజుకు విధి భత్యం మాత్రమే ఉంటుంది. 32 గ్రేడ్లలో ఏదీ అతనిది కాదు కాబట్టి ఫిట్‌మెంటు, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు, ఇంటి అద్దె భత్యం అనే మాటలు అతనికి వర్తించవు.

హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల సంఘం వేసిన కేసులో 2015 మార్చి 11న సుప్రీం కోర్టు తీర్పు వెలువరించింది. హోంగార్డులను క్రమబద్ధీకరించాలన్న కోరికను అంగీకరించలేదు గాని, 30 రోజుల విధి భత్యం మొత్తం ఆ రాష్ట్ర పోలీసు సిబ్బంది కనీస వేతనానికి సమానంగా ఉండాలని ఆదేశించింది. తెలంగాణలో 2017 డిసెంబరులో హోంగార్డుల నెల భత్యాన్ని 12,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. 2024 డిసెంబరులో రోజు భత్యాన్ని 921 నుంచి 1,000 రూపాయలకు, వారాంతపు కవాతు భత్యాన్ని 100 నుంచి 200 రూపాయలకు పెంచారు. 30 రోజులు పనిచేస్తే 30,000 రూపాయలు వస్తాయి.

ఈ మొత్తం కొత్త కానిస్టేబులు మూలవేతనం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అయితే కానిస్టేబులు మూలవేతనానికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం తోడవుతాయి. ఏటా ఇంక్రిమెంటు వస్తుంది. ఇరవై ఏళ్లు పనిచేసిన హోంగార్డుకు, నిన్న చేరిన హోంగార్డుకు రోజు భత్యం ఒక్కటే. వేతన స్కేలు అంటే ఈ నెల చేతికి వచ్చే సొమ్ము ఒక్కటే కాదు, అనుభవానికి ఏటా విలువ కట్టే ఏర్పాటు కూడా. వర్గీకరణలో చోటు లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇక్కడే తెలుస్తుంది.

స్కేలులో ఉన్నవారిలో కూడా ఒక విభజన ఉన్నది. 2004 సెప్టెంబరు 1న లేదా ఆ తరువాత చేరినవారు పాత పింఛను పద్ధతిలో కాక, కంట్రిబ్యూటరీ పింఛను పద్ధతిలోకి వస్తారు. కనుక ఒకే ఠాణాలో ఒకే స్కేలులో ఉన్న ఇద్దరి విశ్రాంత జీవితం వేర్వేరుగా ఉండవచ్చు.

ఇతర ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన స్కేళ్ల ప్రకారం కానిస్టేబులు స్కేలు 25,220 – 80,910, సబ్ ఇన్‌స్పెక్టరు స్కేలు 44,570 – 1,27,480 రూపాయలు. 2015 స్కేళ్ల వరకు రెండు రాష్ట్రాల అంకెలు ఒక్కటే. ఆ తరువాత వేర్వేరు సంఘాలు, వేర్వేరు ఫిట్‌మెంట్లు రావడంతో దారులు వేరయ్యాయి.

అమెరికాలో పరిస్థితి దాదాపు ఇందుకు విరుద్ధం. న్యూయార్క్ వంటి నగరాలలో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది నగర పాలనకు చెందిన ఉద్యోగులు. నగర ప్రభుత్వంతో వారి సంఘాలు బేరమాడి ఒప్పందాలు కుదుర్చుకుంటాయి. పోలీసులకు ఇచ్చినది అగ్నిమాపకులకూ ఇవ్వాలా అన్నది అక్కడ తరచు చర్చకు వచ్చే విషయం. భారతదేశంలో 1966 నాటి పోలీసు దళాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం పోలీసులు ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మిక సంఘాలలో చేరరాదు. కాబట్టి వారి కోర్కెలు వినతిపత్రాల రూపంలో వేతన సంఘం ముందుకు వస్తాయి.

సారాంశం

తెలంగాణలో పోలీసు, అగ్నిమాపక ఉద్యోగుల మూలవేతనాన్ని నిర్ణయించేది హోదా, అర్హతలే గాని ఊరు కాదు. ఊరి పరిమాణం ఇంటి అద్దె భత్యాన్ని, ప్రత్యేక విధులు ప్రత్యేక భత్యాన్ని మారుస్తాయి. కానిస్టేబులును, ఫైర్‌మన్‌ను ఒకే స్కేలులో ఉంచడం ద్వారా ఈ రెండు సేవల మధ్య ప్రారంభస్థాయి సమానత్వం సాధ్యమైంది. పదోన్నతి అవకాశాలలో వ్యత్యాసం, అడవి ప్రాంతాల శ్రమకు తగిన గుర్తింపు, హోంగార్డుల స్థితి అనే మూడు విషయాలను ఆ సమానత్వం స్పృశించలేదు. వేతన సంఘం ఎదుట ఉండే కష్టమైన ప్రశ్నలు ఇవే.